దాగి ఉన్న ఫైళ్లను చూడటం ఎలా? ఫోల్డర్లను దాచడం ఎలా?

“పెన్‌డ్రైవ్ నిండిపోయిందని చూపిస్తోంది, తెరిస్తే లోపల ఏమీ లేదు.” “ఫలానా ఫోల్డర్‌లోకి వెళ్లమని సూచనల్లో ఉంది, నా కంప్యూటర్‌లో ఆ ఫోల్డరే లేదు.” “ఫోల్డర్‌ను దాచాను, అయినా కనిపిస్తూనే ఉంది.” పాఠకుల నుంచి మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలివి. మూడింటికీ మూలం ఒక్కటే కాబట్టి సమాధానం కూడా ఒకేచోట ఇస్తున్నాను. ఎక్కువ మంది వాడేది విండోస్ కనుక దాని గురించే వివరంగా రాస్తాను. మ్యాక్, లినక్స్ వాడేవారికి కావలసింది చివరికి దగ్గరలో ఉంది.

మొదలుపెట్టే ముందు ఒక్క విషయం తెలిస్తే చాలు. విండోస్‌లో ప్రతి ఫైలుకూ, ఫోల్డర్‌కూ కొన్ని గుర్తులు ఉంటాయి. వాటిలో మనకు కావలసినవి రెండు: హిడెన్, సిస్టమ్. హిడెన్ గుర్తు మాత్రమే ఉన్నవి మొదటి తెర వెనుక ఉంటాయి. రెండు గుర్తులూ కలిసి ఉన్నవి రెండో తెర వెనుక ఉంటాయి. మొదటి తెర తీసినంత మాత్రాన రెండోది తొలగదు. చాలామంది తికమకపడేది ఇక్కడే. నా సలహా ముందే చెబుతాను: మొదటి తెరను అవసరమైతే ఎప్పటికీ తీసి ఉంచుకోవచ్చు, రెండోదాన్ని మాత్రం పని ఉన్నప్పుడే తీసి, పని కాగానే వేసేయాలి.

కావలసినవి

- మీరు రోజూ వాడే ఖాతాతో తెరిచిన కంప్యూటర్. ఫైళ్లను చూపించడానికి అడ్మినిస్ట్రేటర్ అధికారం అక్కర్లేదు. ఈ సెట్టింగ్ ఒక్కో ఖాతాకు విడివిడిగా ఉంటుంది. మీ ఖాతాలో మార్చినది అదే కంప్యూటర్ వాడే ఇంకొకరి ఖాతాలో మారదు.
- ముఖ్యమైన ఫైళ్ల మీద పని చేయబోతుంటే వాటి నకలు ఒకటి వేరే డ్రైవ్‌లో.
- ఏది మార్చారో రాసుకోవడానికి ఒక కాగితం. దాచిన ఫోల్డర్ ఎక్కడుందో మరిచిపోయేవారు మీరు అనుకునేదానికంటే ఎక్కువ.

మొదటి తెర తీయడం

1. విండోస్ కీ నొక్కి పట్టుకుని ఇంగ్లీషు ‘ఇ’ (E) అక్షరం నొక్కండి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరుచుకుంటుంది.
2. విండోస్ 11 అయితే పైన ఉన్న ‘వ్యూ’ మీద నొక్కి, జాబితా చివర ఉన్న ‘షో’ దగ్గరకు వెళ్లి, ‘హిడెన్ ఐటమ్స్’ ఎంచుకోండి. విండోస్ 10లో ‘వ్యూ’ ట్యాబ్ తెరిస్తే ‘హిడెన్ ఐటమ్స్’ అనే గడి నేరుగా కనిపిస్తుంది. దానిలో టిక్ పెట్టండి.
3. విండోస్ 7లో ‘ఆర్గనైజ్’ నొక్కి, ‘ఫోల్డర్ అండ్ సెర్చ్ ఆప్షన్స్’ తెరిచి, ‘వ్యూ’ ట్యాబ్‌లో ‘షో హిడెన్ ఫైల్స్, ఫోల్డర్స్, అండ్ డ్రైవ్స్’ ఎంచుకుని ‘ఓకే’ నొక్కండి.

పని జరిగిందో లేదో చూడటానికి సి డ్రైవ్ తెరవండి. ‘ప్రోగ్రామ్‌డేటా’ అనే ఫోల్డర్ ఇప్పుడు కనిపించాలి. మిగతా ఫోల్డర్ల కన్నా దాని బొమ్మ కాస్త వెలిసిపోయినట్టు ఉంటుంది. ఆ వెలిసిన రంగే దాగిన ఫైలుకు ఆనవాలు. అది గుర్తుపెట్టుకోండి, ముందుముందు పనికొస్తుంది.

ఇదే జాబితాలో ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ కూడా ఉంటుంది. ఇది దాగిన ఫైళ్లకు సంబంధించినది కాకపోయినా ఇప్పుడే ఆన్ చేసుకోమని గట్టిగా చెబుతాను. పేరు చివర చుక్క తర్వాత వచ్చే భాగాన్ని విండోస్ మామూలుగా చూపించదు. అందువల్ల ‘ఫోటో.జెపిజి.ఇఎక్స్ఇ’ అనే ప్రోగ్రామ్ మీకు ‘ఫోటో.జెపిజి’గా మాత్రమే కనిపిస్తుంది. బొమ్మ అనుకుని నొక్కితే ప్రోగ్రామ్ నడుస్తుంది.

తెర తీయకుండానే లోపలికి వెళ్లడం

మీకు కావలసింది ప్రోగ్రాములు తమ సెట్టింగులను దాచుకునే ‘యాప్‌డేటా’ ఫోల్డర్ ఒక్కటే అయితే పై సెట్టింగ్ జోలికే పోనక్కర్లేదు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ చిరునామా పట్టీలో శాతం గుర్తు, దాన్ని ఆనుకుని యాప్‌డేటా అనే మాట, మళ్లీ శాతం గుర్తు టైపు చేసి ఎంటర్ నొక్కండి. మాటను ఇంగ్లీషు అక్షరాలతో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టాలి. నేరుగా ‘రోమింగ్’ అనే లోపలి ఫోల్డర్ తెరుచుకుంటుంది. యాప్‌డేటా బదులు లోకల్‌యాప్‌డేటా అని కొడితే ‘లోకల్’ ఫోల్డర్‌కు, ప్రోగ్రామ్‌డేటా అని కొడితే ఆ ఫోల్డర్‌కు వెళతారు. సాఫ్ట్‌వేర్ సూచనల్లో అడిగేది సాధారణంగా వీటిలో ఏదో ఒకటే. నేనైతే ముందు ఈ దారే పట్టమంటాను.

రెండో తెర తీయడం

1. విండోస్ కీతో పాటు ‘ఆర్’ నొక్కండి. చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అందులో కంట్రోల్, ఖాళీ, ఫోల్డర్స్ అని ఇంగ్లీషులో టైపు చేసి ఎంటర్ నొక్కండి. విండోస్ 7, 10, 11 మూడింటిలోనూ ఈ దారి ఒక్కటే. అందుకే మెనూల గొడవ లేకుండా దీన్నే చెబుతున్నాను.
2. ‘వ్యూ’ ట్యాబ్‌కు వెళ్లండి. ‘హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్’ అనే గడిలో టిక్ ఉంటుంది. దాన్ని తీసేయండి.
3. ఇవి ముఖ్యమైన ఫైళ్లని, తొలగిస్తే కంప్యూటర్ పనిచేయకపోవచ్చని హెచ్చరిక వస్తుంది. చదివి ‘యెస్’ నొక్కండి.
4. ‘అప్లై’ నొక్కి, తర్వాత ‘ఓకే’ నొక్కండి.

గడిలోని మాటను మరోసారి చూడండి. అక్కడున్నది ‘హైడ్’, అంటే దాచు అని. టిక్ ఉంటే దాగి ఉంటాయి, తీస్తే కనిపిస్తాయి. దాని పైన ఉన్న ‘షో హిడెన్ ఫైల్స్’ సరిగ్గా దీనికి తలకిందులు. చూపించాలనుకుని రెండింటిలోనూ టిక్ పెట్టేసి, ఏమీ కనిపించడం లేదని అడిగేవారు చాలామంది. మొదటిది పెట్టాలి, రెండోది తీయాలి.

ఈసారి సి డ్రైవ్‌లో ‘పేజ్‌ఫైల్.సిస్’, ‘సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్’, డాలర్ గుర్తుతో మొదలయ్యే ‘రీసైకిల్.బిన్’ కనిపిస్తే పని అయినట్టే.

కనిపించినవాటిని ఏం చేయాలి, ఏం చేయకూడదు

అసలు జాగ్రత్త అవసరమయ్యేది ఇక్కడ. తెర తీయడం వల్ల ఏ నష్టమూ లేదు. కొత్తగా కనిపించినవాటిని చెత్త అనుకుని తుడిచేయడం వల్లే నష్టం.

డెస్క్‌టాప్ మీద ‘డెస్క్‌టాప్.ఐఎన్ఐ’ పేరుతో రెండు వెలిసిన బొమ్మలు ప్రత్యక్షమవుతాయి. ఒకే పేరుతో రెండు ఫైళ్లు ఒకేచోట ఎలా ఉన్నాయని ఇది చూసినవారు వైరస్ అనుకుంటారు. కాదు. మీ డెస్క్‌టాప్ మీద కనిపించేవి నిజానికి రెండు ఫోల్డర్ల నుంచి వస్తాయి. ఒకటి మీ ఖాతాది, ఇంకొకటి కంప్యూటర్ వాడే అందరికీ ఉమ్మడిది. ఒక్కోదానిలో ఒక్కో ఫైలు ఉంటుంది. ఆ ఫోల్డర్ ఎలా కనిపించాలో చెప్పే నాలుగు ముక్కలు అందులో ఉంటాయి, అంతే. అలాగే వదిలేయండి. రెండో తెర వేయగానే మాయమవుతాయి.

‘పేజ్‌ఫైల్.సిస్’, ‘హైబర్‌ఫిల్.సిస్’ జీబీల కొద్దీ జాగా ఆక్రమించి కనిపిస్తాయి. మొదటిది ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునేది. రెండోది కంప్యూటర్‌ను హైబర్నేట్ చేసినప్పుడు మెమరీలో ఉన్నదంతా దాచిపెట్టేది. వీటిని డిలీట్ నొక్కి తీసేసే ప్రయత్నం చేయకండి. డిస్కులో జాగా నిజంగానే చాలకపోతే, హైబర్నేషన్ సదుపాయాన్నే ఆపేస్తే హైబర్‌ఫిల్ దానంతట అదే పోతుంది. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో (ఆదేశాలు టైపు చేసే కిటికీలో) పవర్‌సిఎఫ్‌జి, ఖాళీ, ముందువైపుకు వాలిన గీత (ఫార్వర్డ్ స్లాష్), దాన్ని ఆనుకుని హెచ్, ఖాళీ, ఆఫ్ అని ఇంగ్లీషులో కొడితే అది జరుగుతుంది. ఆఫ్ బదులు ఆన్ అని కొడితే తిరిగి వస్తుంది.

యాప్‌డేటాను ఖాళీ చేయడం అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టే తప్పు. బ్రౌజర్‌లో మీరు దాచుకున్న బుక్‌మార్కులు, పాస్‌వర్డులు, అనేక ప్రోగ్రాముల సెట్టింగులు అందులోనే ఉంటాయి. కంప్యూటర్ మామూలుగానే తెరుచుకుంటుంది. కానీ మీ సొంత అమరికలన్నీ పోతాయి. పేరు చూసి ఏ ప్రోగ్రాముదో కచ్చితంగా తెలిస్తే తప్ప లోపలి ఫోల్డర్లను ముట్టుకోకండి.

‘డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్’ తెరవబోతే ‘యాక్సెస్ డినైడ్’ అని వస్తుంది. అది ఫోల్డర్ కాదు. పాత ప్రోగ్రాముల కోసం ఉంచిన దారి మాత్రమే. అవి వెతికే పాత చిరునామా నుంచి ఇప్పటి ‘యూజర్స్’ ఫోల్డర్‌కు మళ్లిస్తుంది. అనుమతులు మార్చి బలవంతంగా తెరవడానికి ప్రయత్నించవద్దు. లోపల మీకు కావలసినది ఏదీ లేదు.

నిరభ్యంతరంగా తీసేయగలిగినవీ కొన్ని ఉన్నాయి. ‘థంబ్స్.డిబి’ బొమ్మల చిన్న రూపాలను దాచుకునే ఫైలు. పోయినా మళ్లీ తయారవుతుంది. తరంగం గుర్తు, డాలర్ గుర్తులతో మొదలై మీ వర్డ్ పత్రం పేరుతో ఉండే చిన్న ఫైలు, ఆ పత్రం తెరిచి ఉన్నప్పుడు వర్డ్ పెట్టుకునే గుర్తు. పత్రం మూయగానే దానంతట అదే పోవాలి. కంప్యూటర్ అర్ధాంతరంగా ఆగిపోతే మిగిలిపోతుంది. వర్డ్ పూర్తిగా మూసి ఉందని చూసుకుని దాన్ని తొలగించవచ్చు.

మీ ఫోల్డర్‌ను దాచడం

1. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ‘ప్రాపర్టీస్’ తెరవండి.
2. ‘జనరల్’ ట్యాబ్‌లో అడుగున ‘హిడెన్’ గడిలో టిక్ పెట్టి ‘అప్లై’ నొక్కండి.
3. ఫోల్డర్ ఒక్కదానికేనా, లోపలివాటన్నిటికీనా అని అడుగుతుంది. లోపలివాటికి కూడా వర్తించే రెండో ఎంపికే మేలు. ఫోల్డర్‌ను మాత్రమే దాస్తే లోపలి ఫైళ్లకు హిడెన్ గుర్తు పడదు, పేరుతో వెతికినప్పుడు బయటపడే అవకాశం ఉంటుంది.
4. ఫోల్డర్ పూర్తి చిరునామా కాగితం మీద రాసుకోండి.

దాచినా కనిపిస్తూనే ఉందంటే మీరు మొదటి తెరను తీసి ఉంచారన్నమాట. ఫోల్డర్ బొమ్మ వెలిసినట్టు ఉందా చూడండి. ఉంటే దాచడం సరిగ్గానే జరిగింది. ‘వ్యూ’లోకి వెళ్లి ‘హిడెన్ ఐటమ్స్’ తీసేస్తే మాయమవుతుంది. బొమ్మ మామూలు రంగులోనే ఉంటే ఎఫ్5 నొక్కి చూడండి. అప్పటికీ మారకపోతే ‘అప్లై’ నొక్కకుండా కిటికీ మూసేసి ఉంటారు. మళ్లీ మొదటి నుంచి చేయండి.

ఫోల్డర్‌ను తిరిగి బయటికి తేవాలంటే ‘హిడెన్ ఐటమ్స్’ ఆన్ చేసి, వెలిసిన ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో టిక్ తీసేయండి. ఇక్కడ కూడా లోపలివాటన్నిటికీ వర్తించే ఎంపికే ఎంచుకోవాలి. లేకపోతే ఫోల్డర్ కనిపిస్తుంది గానీ తెరిస్తే ఖాళీగా ఉంటుంది. ఫైళ్లు పోయాయని కంగారుపడేది ఇలాంటప్పుడే.

‘హిడెన్’ గడి నొక్కుడుపడకపోతే

గడి బూడిద రంగులో ఉండి నొక్కినా స్పందించకపోతే, దానికి సిస్టమ్ గుర్తు కూడా ఉందని అర్థం. ప్రాపర్టీస్ నుంచి అది తొలగదు. అట్రిబ్ అనే ఆదేశం వాడాలి. ఇంగ్లీషులో దాని అక్షరాలు వరుసగా ఏ, టి, టి, ఆర్, ఐ, బి.

1. ఆ ఫోల్డర్ ఉన్న చోటును ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో తెరవండి.
2. చిరునామా పట్టీలో ఉన్నది చెరిపేసి సి, ఎం, డి అనే మూడు అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కండి. అదే చోట కమాండ్ ప్రాంప్ట్ తెరుచుకుంటుంది.
3. అట్రిబ్ అని కొట్టి, ఖాళీ ఇచ్చి, మైనస్ గుర్తు ఆనుకుని హెచ్, మళ్లీ ఖాళీ, మైనస్ గుర్తు ఆనుకుని ఎస్, మళ్లీ ఖాళీ, తర్వాత కొటేషన్ గుర్తుల మధ్య ఫోల్డర్ పేరు కొట్టి ఎంటర్ నొక్కండి.

హెచ్ అంటే హిడెన్, ఎస్ అంటే సిస్టమ్. మైనస్ తీసేస్తుంది, ప్లస్ తగిలిస్తుంది. రెండింటినీ ఒకే ఆదేశంలో ఇవ్వడం తప్పనిసరి. హెచ్ ఒక్కటే ఇస్తే సిస్టమ్ ఫైలును మార్చడం లేదని జవాబు వస్తుంది, మార్పేమీ జరగదు. పని సవ్యంగా జరిగితే మాత్రం ఎలాంటి సందేశమూ రాదు. ఏమీ చెప్పకుండా తర్వాతి వరుసకు వెళ్లడమే విజయం. నిర్ధారించుకోవాలంటే అట్రిబ్, ఖాళీ, కొటేషన్లలో పేరు మాత్రమే కొట్టి చూడండి. జవాబు వరుస ముందుభాగంలో హెచ్, ఎస్ అక్షరాలు ఉండకూడదు.

మైనస్ల బదులు ప్లస్‌లు పెడితే మీ ఫోల్డర్ రెండో తెర వెనక్కి వెళుతుంది. ‘హిడెన్ ఐటమ్స్’ ఆన్ చేసినవారికీ కనిపించదు. ఈ పద్ధతి ఎంచుకుంటే చిరునామా రాసుకోవడం మరింత ముఖ్యం.

పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లు మాయమైతే

ఒక రకం వైరస్ మీ అసలు ఫోల్డర్లకు హిడెన్, సిస్టమ్ గుర్తులు రెండూ తగిలించి, వాటి పేర్లతోనే షార్ట్‌కట్లు సృష్టిస్తుంది. మీరు ఫోల్డర్ అనుకుని నొక్కగానే వైరస్ నడుస్తుంది, ఆ వెంటనే అసలు ఫోల్డర్ కూడా తెరుచుకుంటుంది కాబట్టి అనుమానం రాదు. ఫోల్డర్ బొమ్మ మూలన చిన్న బాణం గుర్తు ఉన్నా, ‘టైప్’ వరుసలో ఫైల్ ఫోల్డర్ బదులు షార్ట్‌కట్ అని ఉన్నా దాన్ని నొక్కవద్దు.

మొదట పెన్‌డ్రైవ్ ప్రాపర్టీస్‌లో వాడిన జాగా ఎంతో చూడండి. కనిపించే ఫైళ్ల పరిమాణం కంటే అది బాగా ఎక్కువగా ఉంటే మీ ఫైళ్లు భద్రంగా ఉన్నట్టే. ఫార్మాట్ చేయమని ఎవరు చెప్పినా వినకండి.

1. ముందు యాంటీవైరస్‌తో పెన్‌డ్రైవ్‌ను, కంప్యూటర్‌ను కూడా స్కాన్ చేయండి. వైరస్ ఉండగా గుర్తులు తీస్తే మళ్లీ తగిలిస్తుంది.
2. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో పెన్‌డ్రైవ్ తెరిచి, పైన చెప్పినట్టు చిరునామా పట్టీ నుంచే కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. వరుస మొదట్లో ఉన్న అక్షరం పెన్‌డ్రైవ్‌దేనా అని చూసుకోండి. సి అని ఉంటే ఆపేయండి.
3. అట్రిబ్, మైనస్ హెచ్, మైనస్ ఎస్, మైనస్ ఆర్ కొట్టి, తర్వాత నక్షత్రం గుర్తు, చుక్క, నక్షత్రం గుర్తు కలిపి కొట్టండి. చివర ముందువైపుకు వాలిన గీతతో ఎస్, అలాంటి గీతతోనే డి కొట్టి ఎంటర్ నొక్కండి. ఒక్కో ముక్కకూ మధ్య ఖాళీ ఉండాలి, మైనస్‌కూ దాని అక్షరానికీ మధ్య ఉండకూడదు.
4. ఫైళ్లు ఎక్కువుంటే కాసేపు పడుతుంది. వరుస తిరిగి కనిపించేదాకా పెన్‌డ్రైవ్ తీయకండి.

చివర గీతతో ఉన్న ఎస్ లోపలి ఫోల్డర్లలోకి కూడా వెళ్లమంటుంది, డి ఫోల్డర్ల గుర్తులు కూడా మార్చమంటుంది. మైనస్ ఆర్ ‘రీడ్ ఓన్లీ’ (చదవడానికి మాత్రమే) గుర్తును తీసేస్తుంది. డి మరిచిపోతే ఫైళ్లు బయటపడతాయి గానీ వాటిని పట్టుకున్న ఫోల్డర్లు దాగే ఉంటాయి. మధ్యలో ‘సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్’ పేరుతో ‘యాక్సెస్ డినైడ్’ వస్తే పట్టించుకోనవసరం లేదు. ఫోల్డర్లు కనిపించాక షార్ట్‌కట్లను తొలగించండి. ఇంకా ఏమీ కనిపించకపోతే, పేరే లేనట్టు ఉండే ఫోల్డర్ ఏదైనా ఉందేమో వెతకండి. కొన్ని వైరస్‌లు అన్నిటినీ అందులోకి నెట్టేస్తాయి.

ఈ ఆదేశాన్ని సి డ్రైవ్ మీద మాత్రం ఎన్నడూ నడపకండి. విండోస్ తన ఫైళ్లకు పెట్టుకున్న గుర్తులు చెదిరిపోతాయి. డెస్క్‌టాప్.ఐఎన్ఐలు ప్రతి ఫోల్డర్‌లోనూ తేలి, ప్రత్యేక బొమ్మలున్న ఫోల్డర్లు వాటిని కోల్పోతాయి. ఏ ఫైలుకు ఏ గుర్తు ఉండేదో వెనక్కి తేవడానికి సులువైన దారి లేదు.

‘హిడెన్ ఐటమ్స్’ ఆన్ చేసిన ప్రతిసారీ దానంతట అదే ఆఫ్ అయిపోతుంటే అది కూడా వైరస్ లక్షణం కావచ్చు. స్కాన్ చేయకుండా ముందుకు వెళ్లవద్దు.

మ్యాక్‌లో, లినక్స్‌లో

మ్యాక్‌లో ఫైండర్ తెరిచి కమాండ్, షిఫ్ట్, చుక్క మూడూ కలిపి నొక్కితే దాగినవి కనిపిస్తాయి, మళ్లీ నొక్కితే పోతాయి. 2016లో వచ్చిన సియెర్రా నుంచి ఇది పనిచేస్తుంది. లైబ్రరీ ఫోల్డర్ ఒక్కటే కావాలంటే ‘గో’ మెనూ తెరిచి ఆప్షన్ కీ నొక్కి పట్టుకోండి, జాబితాలో లైబ్రరీ చేరుతుంది. ఫోల్డర్‌ను దాచడానికి టెర్మినల్‌లో సిహెచ్‌ఫ్లాగ్స్, ఖాళీ, హిడెన్, ఖాళీ అని ఇంగ్లీషులో కొట్టి, ఫోల్డర్‌ను మౌస్‌తో లాగి ఆ కిటికీలో వదిలి ఎంటర్ నొక్కండి. తిరిగి చూపించడానికి హిడెన్ బదులు నోహిడెన్ అని కొట్టాలి.

లినక్స్‌లో పేరు చుక్కతో మొదలైతే చాలు, ఆ ఫైలు దాగిపోతుంది. ఎఫ్2 నొక్కి పేరు ముందు చుక్క పెట్టండి. చూడాలంటే గ్నోమ్ ఫైల్ మేనేజర్‌లో కంట్రోల్, హెచ్ కలిపి నొక్కండి. అయితే చుక్క పెట్టి దాచిన ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని విండోస్‌లో తెరిస్తే మామూలుగానే కనిపిస్తుంది. అక్కడ చుక్కకు విలువ లేదు.

దాచడం తాళం వేయడం కాదు

ఈ రెండు తెరలూ తీయడం తెలిసిన ఎవరైనా మీరు దాచినదాన్ని చూడగలరు. వర్డ్ వంటి ప్రోగ్రాముల్లో ఇటీవల తెరిచిన ఫైళ్ల జాబితాలోనూ వాటి పేర్లు ఉండిపోతాయి. పొరపాటున చేయి తగలకుండా ఉండటానికి, డెస్క్‌టాప్ చిందరవందరగా కనిపించకుండా ఉండటానికి దాచడం సరిపోతుంది. బ్యాంకు పత్రాలు, గుర్తింపు పత్రాల వంటివి ఉంటే పాస్‌వర్డ్‌తో ఎన్‌క్రిప్ట్ చేసే సాఫ్ట్‌వేర్ వాడండి. 7-జిప్ ఉచితంగా దొరుకుతుంది. ఆర్కైవ్ చేసేటప్పుడు పాస్‌వర్డ్ ఇచ్చి, ఫార్మాట్‌గా 7జెడ్ ఎంచుకుని, ఫైళ్ల పేర్లను కూడా ఎన్‌క్రిప్ట్ చేసే గడిలో టిక్ పెట్టండి. ఆర్కైవ్ సరిగ్గా తెరుచుకుంటోందని చూశాకే అసలు ఫోల్డర్‌ను తొలగించండి.

ఎక్కడ దాచారో మరిచిపోతే

ఏ ఫోల్డర్‌లో ఉండవచ్చని అనుమానమో దాన్ని, ఉదాహరణకు డాక్యుమెంట్స్‌ను తెరిచి, చిరునామా పట్టీ నుంచి కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. డిఐఆర్, ఖాళీ, ముందువైపుకు వాలిన గీత, దాన్ని ఆనుకుని ఏ, కోలన్ (ఒకదాని మీద ఒకటిగా ఉండే రెండు చుక్కల గుర్తు), హెచ్, మైనస్, ఎస్ అన్నీ ఖాళీ లేకుండా కొట్టండి. తర్వాత ఖాళీ ఇచ్చి గీతతో ఎస్, మరో ఖాళీ ఇచ్చి గీతతో బి కొట్టి ఎంటర్ నొక్కండి. హిడెన్ గుర్తు ఉండి సిస్టమ్ గుర్తు లేనివన్నీ పూర్తి చిరునామాలతో వస్తాయి. విండోస్ సొంత ఫైళ్లలో చాలావరకు పక్కకు పోతాయి కాబట్టి జాబితా చిన్నదిగానే ఉంటుంది. మీరు ప్లస్‌లతో రెండో తెర వెనుక దాచి ఉంటే మధ్యలోని మైనస్, ఎస్ తీసేసి వెతకండి. జాబితా పెద్దదవుతుంది, కానీ మీ ఫోల్డర్ అందులో ఉంటుంది.